వాయిదా తేదీ వేరు, గడువు తేదీ వేరు: అమ్మ భాగం దావాలో నా అనుభవం

పిత్రార్జితం మెట్ట భూమిలో, ఇంట్లో తనకూ సమాన వాటా రావాలని మా అమ్మ కడప కోర్టులో అన్నదమ్ముల మీద భాగపరిష్కారం దావా వేసింది. కూతుళ్లకూ కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చిన హిందూ వారసత్వ చట్టం 2005 సవరణ, దాని మీద 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మనకు బలమని లాయరు చెప్పాడు గానీ, కాగితాలు టైముకు పడకపోతే ఆ బలం పనికిరాదని కూడా అన్నాడు. అమ్మకు కోర్టు పనులు తెలియవు కాబట్టి తేదీలు చూసుకునే బాధ్యత నేను తీసుకున్నాను.

ఈకోర్ట్స్ యాప్‌లో సీఎన్‌ఆర్ నంబరు (ప్రతి కేసుకూ ఉండే ప్రత్యేక నంబరు) కొడితే వచ్చే వాయిదా తేదీ కోసమే అందరూ చూస్తుంటారు. అసలు గడువులు వాయిదాల మధ్యలో నడుస్తుంటాయి, వాటి గురించి యాప్‌లో రాదు. అందుకే ఒక నోటుబుక్కు పెట్టి ఏ కాగితం ఎవరికి ఎప్పుడు అందింది, జవాబు ఎన్ని రోజుల్లో రావాలి అని రాసుకుంటూ పోయాను.

సమన్లు అందిన రోజు నుంచి 30 రోజుల్లో మామలు జవాబు దావా వేయాలి, కారణం చూపిస్తే కోర్టు 90 రోజుల దాకా ఇస్తుంది. 90 దాటితే మనం గెలిచినట్టే అని ఊర్లో ధైర్యం చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు, నమ్మొద్దు. మామూలు సివిల్ దావాల్లో ఆ గడువు మరీ కఠినం కాదని, తగిన కారణం ఉంటే కోర్టు ఆ తర్వాత కూడా తీసుకోవచ్చని సేలం బార్ అసోసియేషన్ కేసులో 2005లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

మామల జవాబు రానే వచ్చింది. పెద్దమనుషుల ముందు ఎప్పుడో పాళ్లు పంచుకున్నామని, భాగపత్రం కూడా ఉందని రాశారు, ఆ పత్రం మాత్రం జతచేయలేదు. కేసంతా దాని మీదే ఉంది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన భాగపత్రం గానీ కోర్టు డిక్రీ గానీ ఉంటే 2005 సవరణ ఆ పంపకాన్ని కదిలించదు, అంటే అమ్మకు దారి మూసుకుపోయినట్టే. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీయిస్తే అలాంటి పత్రం ఎక్కడా కనపడలేదు. అయినా వాళ్ల నోటితోనే చెప్పించాలన్నాడు లాయరు.

అప్పుడే సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 11 గురించి తెలిసింది. ఎదుటివాళ్లు తమ జవాబులో ప్రస్తావించిన పత్రాన్ని చూపించమని నోటీసు ఇవ్వొచ్చు, కానీ ఇష్యూలు (కోర్టు తేల్చాల్సిన వివాదాంశాలు) ఖరారయ్యేలోపే ఇవ్వాలి. ఆ తేదీ కింద నేను ఎర్ర పెన్నుతో గీత గీశాను. నోటీసు అందిన 10 రోజుల్లో, పత్రాన్ని వాళ్ల లాయరు ఆఫీసులో ఎప్పుడు చూసుకోవచ్చో వాళ్లు తెలపాలి. ఏ జవాబూ రాలేదు. తనిఖీకి ఆర్డరు ఇవ్వమని వెంటనే ఐఏ (దావా నడుస్తుండగా వేసే మధ్యంతర పిటిషన్) వేశాం, కౌంటరుకు టైము కావాలని వాళ్లు వాయిదాలు అడిగారు, ఆ నెలల్లో అమ్మకు టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. కోర్టు ఆర్డరును లెక్కచేయకపోతే ప్రతివాది డిఫెన్సునే కొట్టేసే అధికారం అదే ఆర్డర్ 11లో ఉందని మా లాయరు జడ్జిగారికి గుర్తుచేశాడు.

ఆరోజు వరండాలో పెద్దమామ, “ఏం పాపా, ఒక్క కాగితానికి ఇంత దూరం లాగాల్నా?” అన్నాడు. “అన్నా, ఆ కాగితం ఇంట్లోనే చూపించింటే నేను ఈడికి వచ్చేదాన్నే కాదు” అంది అమ్మ. ఆ మాట అనడానికి ఆమెకు ఎన్నేళ్లు పట్టిందో నాకు తెలుసు.

చివరికి పిటిషన్ అలో అయింది. రిజిస్టరైన పత్రం ఏదీ లేదని, సంతకాలు చేసుకున్న ఒక తెల్లకాగితం మాత్రం ఉందని వాళ్లు అఫిడవిట్ వేశారు. తర్వాత ఇష్యూలు ఖరారయ్యాయి, అప్పటి నుంచి 15 రోజుల్లో సాక్షుల లిస్టు ఇవ్వాలి కాబట్టి ఆ గడువు కూడా నోటుబుక్కులోకి ఎక్కింది, లిస్టు లోపలే పడింది. ఇప్పుడు అమ్మ ఛీఫ్ అఫిడవిట్ (ప్రమాణపూర్వకంగా రాసిచ్చే ఆమె సాక్ష్యం) తయారవుతోంది, పాత అడంగల్ నకళ్లకు తహసీల్దార్ ఆఫీసులో అర్జీ పెట్టాం, అవి చేతికి రాగానే దాంతోపాటు వేస్తాం.