అద్దె ఇల్లు, పోర్చుగీసు, నా బీపీ

పన్నెండు కావస్తోంది, నిద్ర రావట్లేదు. మా ఆయన గురక ఒక పక్క, సెంటరాయన మాట ఇంకో పక్క.

సెంటరాయనంటే నేను పోర్చుగీసు పాఠాలు చెప్పే కోచింగ్ సెంటరు ఓనరు. సాయంత్రం మెట్ల మీద ఆపి, "మేడమ్, పాసేజీ మొత్తం చదివించకండి. ప్రశ్నలో మాట పాసేజీలో ఎక్కడుందో వెతికి టిక్కు పెట్టేయమనండి. టైమ్ కలిసొస్తుంది" అన్నాడు. మా పిల్లలు రాయబోయే సిప్లే అనే పోర్చుగీసు భాషా పరీక్షలో చదవడం, రాయడం కలిపి గంటంపావు, మార్కుల్లో 45 శాతం. అది ఏ2 స్థాయి, అంటే కిందనించి రెండో మెట్టు, పోర్చుగల్ పౌరసత్వానికి అడిగేదీ ఆ స్థాయే. అందుకని ఆయన టెన్షన్ ఆయనది, సరే. కానీ పేపరు తయారుచేసేవాళ్ళు అంత అమాయకులా? పాసేజీలో మాటని తీసుకెళ్ళి తప్పు జవాబులోనే పెడతారు. పైగా చెప్పేటప్పుడు ఆ నవ్వొకటి, ఏదో కనికరించినట్టు! తలూపి వచ్చేశా కానీ కంచరపాలెం దాటేదాకా ఆటోలో నాలో నేనే వాదించుకున్నా.

ఇవాళ క్లాసులో లిస్బన్‌లో ఇల్లు అద్దెకిస్తామన్న ప్రకటన ఇచ్చాను. నాలుగే లైన్లు. టీ1, ఆర్ బార్ సీ, 1.100 యూరోలు, కింద ఇంకో లైను. అందరూ గుక్క తిప్పుకోకుండా పైకి చదివేశారు. ఏం అర్థమైందంటే మౌనం. తర్వాత ఒక్కొక్కళ్ళూ ఫోన్లు తీసి కెమెరా పెట్టారు. ఆ ఫోన్‌కి టీ1 అంటే టీ1. గాజువాక వెల్డర్ కుర్రాడు "ఒకటి పాయింట్ ఒకటి యూరోలేనా మేడమ్, భలే చవక!" అన్నాడు. అక్కడ వేలకి చుక్క పెడతారు, దశాంశానికి కామా. ఫోన్లు మూయించి, "మన ఎంవీపీ కాలనీలో టూలెట్ బోర్డు మీద ఏముంటాయి?" అని అడిగా. ఇక ఆగలేదు. ఎన్ని గదులు, ఏ అంతస్తు, అద్దెంత, అడ్వాన్సెంత... ఆ వరసలోనే టీ1 అంటే ఒక బెడ్‌రూమ్ అనీ, ఆర్ బార్ సీ అంటే గ్రౌండ్ ఫ్లోరనీ వాళ్ళే పట్టేశారు.

నాన్నకి బదిలీ అయి వైజాగ్ వచ్చిన కొత్తలో చేతక్ మీద ముందు నన్ను నిలబెట్టుకుని సందుసందునా తిప్పేవారు. బోర్డులు పైకి చదవడం నా డ్యూటీ. నేను అద్దె దగ్గర ఆపేస్తే "కింద చిన్నక్షరాలు చదువు" అనేవారు. నీళ్ళు రోజు విడిచి రోజనో, మాంసాహారులకు ఇవ్వబడదనో అక్కడే ఉండేది. వెనక కూర్చున్న అమ్మ అసలు అక్షరాలే చూసేది కాదు. "బోర్డు వెలిసిపోయింది, ఎన్నాళ్ళనించో ఎవరూ దిగట్లేదు, పోనివ్వండి" అనేది. సీతమ్మధారలో అమ్మ వద్దన్న ఇంటికే నాన్న పట్టుబట్టి అడ్వాన్సిచ్చారు. మొదటి వానకే వంటింట్లో బక్కెట్లు పెట్టుకున్నాం. ఆ బక్కెట్ల గురించి ఇప్పటికీ ఇంట్లో పంచాయితీ నడుస్తుంది, అది ఇంకో టపా.

ఇంతకీ, అమ్మలా ఊహించి చదవడమే నేర్పాలి అని రాయబోతున్నా. కానీ ఇవాళ ఊహించినవాళ్ళందరూ చివరి లైను వదిలేశారు. కరెంటు, నీళ్ళ ఖర్చులు అద్దెలో కలిసి లేవని అందులో ఉంది. మధ్యలో 'నావుఁ' అన్న చిన్న ముక్క, అదే మన 'కాదు', ఎవరికీ ఆనలేదు. అన్నీ కలిపే అనుకున్నారు. వెనక బెంచీ నర్సమ్మాయి ఒక్కతే పట్టుకుంది. నేను తిట్టినా వినకుండా డిక్షనరీలో ఒక్కో మాటా చూసుకుంటుందే, ఆ పిల్ల. రేపు అక్కడికెళ్ళి ఒప్పందం మీద సంతకం పెట్టేటప్పుడు దాని పద్ధతే కాపాడుతుందేమో. మరి పరీక్షలో ఒక్కో మాటా వెతుక్కుంటూ కూర్చుంటే గంటంపావు సరిపోతుందా? అసలు డిక్షనరీ ఎవరు తేనిస్తారు?

రెండూ నేర్పాలి కాబోలు. ముందు ఊహ, తర్వాత చిన్నక్షరాలు. లేక తిరగేసి చేయాలా, ఇంకా తేలలేదు. రేపటికి మందుల షాపు టైమింగ్స్ బోర్డు పెడతా, ఫోన్లన్నీ నా టేబుల్ మీదే. సెంటరాయన అడిగితే టిక్కులు పెట్టిస్తున్నానని చెప్తా.