వీస్‌లో ఒక పూట

జర్మనీలోని బవేరియాలో వీస్ అంటే నాలుగిళ్లు, చుట్టూ పచ్చిక, ఆవులు. ఇక్కడ ఇంత పెద్ద చర్చి ఎందుకా అనుకున్నా.

అంతా ఒక బొమ్మ వల్ల! 1730లో ఊరేగింపు కోసం చెక్క ముక్కలు అతికి, గుడ్డ చుట్టి, రంగులేసి చేసిన క్రీస్తు. మరీ దీనంగా ఉందని కొన్నాళ్లకు అటకెక్కించేశారు. 1738లో ఒక రైతు ఇంట్లో దాని కళ్లలో నీళ్లు కనిపించాయన్న మాట పాకింది, జనం విరగబడ్డారు. 1745లో డొమినికుస్ త్సిమ్మర్‌మన్ అనే వాస్తుశిల్పి ఈ గుడి మొదలుపెట్టాడు. పైకప్పు బొమ్మలు వాళ్లన్నయ్య వేశాడు. 1803లో మఠాల ఆస్తులు ప్రభుత్వం చేతికొచ్చాక దీన్ని కూల్చేద్దామంటే చుట్టుపక్కల రైతులే అడ్డుపడ్డారట.

ఆ కప్పు మీద మూసి ఉన్న తలుపు బొమ్మ ఒకటుంది, పరలోకానిది. మెడ నొప్పెట్టేదాకా దాన్నే చూశా. బయట వేడివేడిగా వేయించిన తీపి పిండివంట అమ్ముతున్నారు. తీర్థం అన్నాక ఆ మాత్రం ఉండాలిగా! రెండు తిన్నా.