కుడికి తిరిగితేనే సముద్రం

నెల్లూరు నుంచి ఒంగోలుకి జాతీయ రహదారి మీద దాదాపు 120 కిలోమీటర్లు. ఆ దారి పొడుగునా సముద్రం కుడిపక్క మనతోపాటే వస్తుంటుంది, కానీ కారు అద్దంలోంచి ఒక్కచోట కూడా కనిపించదు. చూడాలంటే రోడ్డు దిగి, కుడికి తిరిగి, పొలాలూ రొయ్యల గుంటలూ కాలువా దాటుకుంటూ చివరిదాకా పోవాలి. చూసి, పోయిన దారినే మళ్లీ వెనక్కి రావాలి. ఈ సంగతి మా వాళ్లకు ముందే చెప్పాను. నమ్మలేదు.

మా వాళ్లంటే కోరుట్ల నుంచి వచ్చిన చిన్ననాటి స్నేహితులు. ఒకడు సర్కారు బడిలో పంతులు, ఇంకొకడికి మెడికల్ షాపు. వాడితోపాటు వాడి భార్య, నాకు వదిన వరస. నేను కృష్ణపట్నం రేవులో ఎగుమతి కాయితాల పని చూసే ఉద్యోగానికి వచ్చి నెల్లూర్లో పాతుకుపోయాను. ఊళ్లోవాళ్లకు నేను ‘ఆంధ్రల ఉండేటోడు’, ఇక్కడి వాళ్లకు ‘తెలంగాణ సారు’. ఇన్నేళ్లలో మావాళ్లెవరూ ఇటు రాలేదు. ఈసారి సంక్రాంతి పోగానే బయల్దేరుతున్నామని ఫోన్ చేశారు. మెడికల్‌వాడు మొదట అడిగిన ప్రశ్న, “గోవా లెక్క ఉంటదారా?”

ఉండదని చెప్పాను. అది కూడా నమ్మలేదు.

మొదటిరోజు దక్షిణానికి తీసుకెళ్లాను. సూళ్లూరుపేట దగ్గర తిరిగితే శ్రీహరికోట రోడ్డు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, నెల్లూరువాళ్లు పులికాట్‌ను ఇంకా మా సరస్సనే అంటారు. రోడ్డు సరస్సు మధ్యలోంచి పోతుంది. రెండు పక్కలా కనుచూపుమేర పలచటి నీళ్లు, వాటిలో బురద మేటలు. ఉప్పునీటి సరస్సుల్లో మన దేశంలో చిలకా తర్వాత ఇదే పెద్దది. ఫ్లెమింగోలు దూరంగా, ఒక గులాబీ చారలాగా నిలబడి ఉన్నాయి. ఫోన్ జూమ్‌లో చూస్తే తలకాయలు తలకిందులుగా నీళ్లలో పెట్టి బురద వడగట్టుకుంటున్నాయి. వాటి రంగు పుట్టుకతో వచ్చేది కాదని, తినే నాచులోంచీ సన్నటి రొయ్యల్లోంచీ వస్తుందని చెబితే పంతులు వెంటనే వీడియో తీసుకున్నాడు, బళ్లో పిల్లలకు చూపించడానికి.

“అయితే సముద్రం ఏదిరా?” అన్నాడు మెడికల్‌వాడు.

సముద్రం ఆ సరస్సు అవతల, శ్రీహరికోట దీవికి అటువైపు ఉంది. ఆ దీవి ఇస్రోది. 1971 అక్టోబరులో మొదటి రాకెట్ ఎగిరింది అక్కడినుంచే. గేటు దాటి మనం పోలేం. అలా మొదటిరోజు సముద్రం చూడకుండానే గడిచింది. తిరుగుదారిలో నేలపట్టు చెరువు దగ్గర ఆగాం. నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుని, పిల్లలకు తిండి పెడుతున్నాయి. చుట్టుపక్కల రైతులు ఆ చెరువు నీళ్లను ఇష్టంగా పొలాలకు పెట్టుకుంటారు. పక్షుల రెట్ట కలిసిన నీళ్లు కదా, ఎరువు ఖర్చు తగ్గుతుంది. వదిన చాలాసేపు అక్కడినుంచి కదల్లేదు.

రాత్రి భోజనం నెల్లూర్లో ఒక చిన్న మెస్‌లో. చేపల పులుసు. “ఇప్పుడు కాయ దొరకదు నాయనా, వట్టి చింతపండుతోనే” అని వడ్డించే ఆమె ముందే చెప్పేసింది. నెల్లూరు పులుసులో మామిడికాయ ముక్క లేకపోతే సగం పోయినట్టే. అయినా పొద్దున కాచిన పులుసు రాత్రికి ముక్కకు పట్టి ఉంది, మా వాళ్లు మూడోసారి అన్నం పెట్టించుకున్నారు. వాళ్లకు కాయ లేని లోటు తెలీదు. నాకు తెలుసు. నోరు మూసుకుని తిన్నాను.

మర్నాడు మైపాడు. నెల్లూరికి పాతిక కిలోమీటర్లు, ఊరివాళ్లందరికీ ఆదివారం బీచ్. ఎర్రగా మసాలా పట్టించిన చేపలు వరసగా పేర్చిన బళ్లు, గుర్రం స్వారీ, పిల్లల ఏడుపులు. నీళ్లు పోస్టరు మీద నీలం కాదు, బూడిద కలిసిన ఆకుపచ్చ. మెడికల్‌వాడి మొహం కొంచెం చిన్నబోయింది. వదిన మాత్రం చీర కుచ్చిళ్లు దోపుకుని మోకాళ్ల లోతుకు దిగి, “కాళ్ల కింది ఇసుక గుంజుకపోతున్నది” అని గట్టిగా అరిచి, మళ్లీ అదే చోట నిలబడింది. ఇంకా లోపలికి పోనివ్వలేదు నేను. ఇక్కడ నేల ఒక్కసారిగా లోతుకు దిగుతుంది, ఈత వచ్చినవాళ్లనే లాగేస్తుంది.

నాకు మైపాడు కన్నా మైపాడు దారి ఇష్టం. బీచ్‌కి ఇవతల అంతా రొయ్యల గుంటలే. తెలిసినాయన గుంట దగ్గర కారు ఆపాను. నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్ల చక్రాలు తెల్లగా చిమ్ముతున్నాయి. కాపలా కుర్రాడు తాడు పట్టుకుని, రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే చెక్‌ట్రే పైకి లాగాడు. ట్రేలో పదిపన్నెండు వెనామీ రకం రొయ్యపిల్లలు ఎగురుతున్నాయి. ఒకదాన్ని వేళ్ల మధ్య పట్టుకుని వెలుతురుకు పెట్టి చూపించాడు. ఒళ్లంతా అద్దంలా పారదర్శకం, వీపు వెంట ఒక నల్లటి గీత. “పేగు నిండుగా ఉండాది, మేత బాగా తినుండాది” అన్నాడు. గీత తెగితెగి ఉంటే ఏదో తేడా ఉన్నట్టు. పొద్దునా సాయంత్రం చూసే ఆ గీత మీదే గుంట యజమాని నిద్ర ఆధారపడి ఉంటుంది.

షెడ్డులో మందుల డబ్బాలు చూసి మెడికల్‌వాడు ఆగిపోయాడు. మినరల్స్, ప్రోబయాటిక్స్, విటమిన్లు, సున్నం బస్తాలు. “నా షాపులగూడ గిన్ని లేవు కదరా” అన్నాడు. కుర్రాడితో గంటసేపు డోసుల గురించి మాట్లాడాడు. యాంటీబయాటిక్ మాత్రం వాడకూడదు. దాని ఆనవాలు దొరికితే విదేశాల్లో కంటైనర్ మొత్తం వెనక్కి తిప్పి పంపుతారు. ఆ కాయితాల టెన్షన్ ఏంటో నా ఉద్యోగంలో నాకు తెలుసు.

ఈ నేలకు రొయ్యతో పాత లెక్కలున్నాయి. 1990ల మొదట్లో టైగర్ రొయ్య వచ్చి వరి పొలాలు గుంటలయ్యాయి, మట్టిమిద్దెలు డాబాలయ్యాయి. 1994-95లో తెల్లమచ్చ వైరస్ వచ్చి గుంటలు ఖాళీ అయ్యాయి. 1996 డిసెంబరులో తీరం వెంబడి రొయ్యల సాగుకు వ్యతిరేకంగా సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. మళ్లీ 2009లో వెనామీకి అనుమతి ఇచ్చాక ఏరియేటర్లు తిరగడం మొదలైంది. ఆ మధ్య కాలంలో అప్పులపాలైన ఇళ్ల గురించి ఇక్కడ ఎవరూ గట్టిగా మాట్లాడరు.

మైపాడు నుంచి ఇసకపల్లికి తీరం వెంట పోదామన్నాడు పంతులు, మ్యాప్ చూసి. “పక్కనే ఉంది కదా!” పక్కనే ఉంది, కానీ మధ్యలో పెన్న సముద్రంలో కలిసేచోటు ఉంది. తీరం పొడుగునా రోడ్డు లేకపోవడానికి కారణం ఇదే. ఒకచోట నది, ఒకచోట వాగు, ఒకచోట ఉప్పుటేరు, వీటన్నిటికీ తోడు తీరానికి సమాంతరంగా పోయే బకింగ్‌హాం కాలువ. అందుకని మళ్లీ నెల్లూరు వచ్చి, పెన్న దాటి, కోవూరు మీదుగా పోయాం. 2021 నవంబరు వరదలకు ఇక్కడే హైవే తెగింది, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది. ఇప్పుడు చూస్తే పెన్నలో ఇసుకే ఎక్కువ. అంత నీళ్లు ఎక్కడినుంచి వచ్చాయని వదిన అడిగింది. కడప జిల్లా పైనుంచి అన్నాను. ఆమె ఇసుక వైపూ నా వైపూ మార్చి మార్చి చూసింది.

అల్లూరు దాటాక ఇసకపల్లి దగ్గర ఉప్పుమళ్లు. జనవరి కాబట్టి ఉప్పు ఇంకా తేలలేదు. ఆడవాళ్లూ మగవాళ్లూ వరసలో నిలబడి తడి మడిని కాళ్లతో తొక్కుతున్నారు. నేల గట్టిపడాలి, లేకపోతే ఉప్పుతోపాటు మట్టి లేస్తుంది. ఎండలు ముదిరాక కదా అసలు పని. వాళ్ల మడమలు పగిలి తెల్లగా ఉన్నాయి. మెడికల్‌వాడు ఏదో క్రీము పేరు చెప్పబోయాడు, ఒక ముసలామె నవ్వి, “ఉప్పులో దిగినాక ఏ మందూ నిలబడదులే అబ్బయ్యా” అంది.

ఒకప్పుడు ఇక్కడి ఉప్పూ సర్వి కట్టెలూ బకింగ్‌హాం కాలువ మీద పడవల్లో మద్రాసు పోయేవి. 1877-78 కరవులో పనిలేని జనాలతో కొంత భాగం తవ్వించి, అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారు. ఇప్పుడు వంతెన మీద నిలబడి చూస్తే గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సీసాలు. పడవ జాడ లేదు. 2004 సునామీలో మాత్రం ముంచుకొచ్చిన నీళ్లను ఈ కాలువ చాలాచోట్ల తనలోకి తీసుకుని వెనక ఊళ్లను కాచిందని పల్లెల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

రామాయపట్నం దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. రేవు పనులు జరుగుతున్నాయి, టిప్పర్లూ దుమ్మూ. ఇసుక మీద ఒక చచ్చిన తాబేలు, ఆలివ్ రిడ్లీ. చలికాలంలో గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తూ ట్రాలర్ల వలల్లో చిక్కుకుంటాయి, ఊపిరి కోసం పైకి రాలేక చచ్చిపోతాయి. డిప్ప మీద ఏ గాయమూ లేదు. వదిన దాన్ని ఫొటో తీయనివ్వలేదు.

ఉలవపాడు వచ్చేసరికి మెడికల్‌వాడికి హుషారు వచ్చింది, మామిడిపండ్లు కొందామని. జనవరిలో! తోటల నిండా పూత, హైవే పక్కన దుకాణాలు ఖాళీ తడికెలు. తేగల కట్టలు మాత్రం దొరికాయి. మే నెలలో ఇదే రోడ్డు మీద పండ్ల వాసనకు లారీలు కూడా ఆగుతాయి. బుట్ట రేటుకు బేరమాడటంలో ఇక్కడివాళ్లను మించినవాళ్లు లేరు.

ఒంగోల్లో పడుకుని, తెల్లారకముందే కొత్తపట్నం పోయాం. పంతులు కోసం ఒక మాట చెప్పాను. 1937లో ఇక్కడ వేసవి రాజకీయ పాఠశాల పెడితే సర్కారు నిషేధించిందని. వాడు ఆ చోటు చూపించమన్నాడు. ఈలోపు ఒడ్డున అలివి వల లాగుతున్నారు, అందరం అటు నడిచాం.

అలివి వల వేసే పద్ధతి చూడటానికి తేలిక. తాడు ఒక కొస ఒడ్డున పెట్టి, పడవ మీద వల తీసుకుని అర్ధచంద్రంలా తిరిగి వచ్చి, రెండో కొస దూరంగా ఒడ్డుకు చేరుస్తారు. తర్వాత రెండు జట్లు రెండు తాళ్లూ లాగుతూ మెల్లగా ఒకరి దగ్గరికొకరు జరుగుతారు. లాగడమే గంటలు పడుతుంది. నడుముకు గుడ్డపట్టీ చుట్టుకుని, దానికి తాడు తగిలించి, వెనక్కి అడుగులేస్తూ లాగుతారు. చివరి మనిషి తాడు చుట్ట పెట్టి మళ్లీ ముందుకు పరిగెత్తి నీళ్ల దగ్గర పట్టుకుంటాడు.

“యాడ నించి వచ్చుండారు?” అని జట్టులో పెద్దాయన అడిగాడు. కరీంనగర్ వైపని చెప్పగానే, “అక్కడ సముద్రం లేదు గదా. అట్టయితే పట్టుకోండి సామీ” అని తాడు చూపించాడు. మేం ముగ్గురం పట్టుకున్నాం. అయిదు నిమిషాల్లో పంతులు అరచేతులు ఎర్రబడ్డాయి. తాడు తడిసి, ఇసుక పట్టి ముళ్లలా గుచ్చుకుంటుంది. ఆశ్చర్యం, మెడికల్‌వాడు చివరిదాకా లాగాడు. గోవా మాట మళ్లీ ఎత్తలేదు.

వల సంచి ఒడ్డుకు రాగానే అంతా మీద పడ్డారు. ఎక్కువ నెత్తళ్లు, కవళ్లు. కొన్ని కానాగంతలు, రెండు చిన్న సొరపిల్లలు, బోలెడు జెల్లీచేపలు. ఒక సముద్రపు పామును కట్టెతో ఎత్తి నీళ్లలోకి విసిరేశారు. అంతమంది గంటలకొద్దీ లాగినదానికి అది తక్కువే. పెద్దాయన మొహం చూస్తే తెలిసిపోయింది. పడవకూ వలకూ వాటా పోను మిగిలింది లాగినవాళ్లు పంచుకోవాలి. ఆడవాళ్లు బుట్టల చుట్టూ చేరి వేలంపాట మొదలుపెట్టారు. రేటు అరుపులకు వదిన బెదరకపోగా మధ్యలో దూరి, పాట వదిలేసి, పక్కన ఎండబెట్టిన నెత్తళ్లు రెండు కిలోలు బేరం చేసి కొనుక్కుంది.

అక్కడే గొడవ మొదలైంది. ఏసీ బోగీలో ఎండుచేపలేంటని మెడికల్‌వాడు. మూడు పాలిథిన్ కవర్లు చుట్టి, చీరల మధ్య పెట్టి, ఆ పైన ఒంగోలు అల్లూరయ్య దుకాణం మైసూర్‌పాక్ డబ్బాలు పేర్చింది వదిన. అయినా ఒంగోలు స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద ఒక పిల్లి మా సంచి చుట్టూ తిరుగుతూనే ఉంది. వరంగల్ దాటాక ఫోన్ చేశారు. ఎదురు బెర్తు పెద్దమనిషి వాసన పట్టి, కిలో ఎంత పడిందని అడిగాడట.

మామిడిపండ్లకు మళ్లీ వస్తామంటున్నారు, మే నెలలో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకు వేట నిషేధం, అప్పుడు సముద్రపు చేప మెస్‌లకు పెద్దగా రాదని చెప్పాను. ఏప్రిల్ మొదటివారంలో వస్తే పులుసులోకి పచ్చికాయా, వలలోంచి చేపా రెండూ దొరుకుతాయి. అప్పటికి బడికి సెలవులివ్వరని పంతులు, పండు లేకుండా కాయకోసం ఇంతదూరమెందుకని మెడికల్‌వాడు. వదిన మాత్రం నెత్తళ్లు అయిపోవచ్చాయంటోంది. తేదీ ఇంకా తేలలేదు.