పర్సంటైల్ అంటే మార్కుల శాతం కాదు

జేఈఈ మెయిన్ స్కోరు కార్డులో 92 కనిపించగానే నూటికి 92 మార్కులు వచ్చాయని పొరబడే తల్లిదండ్రులు ఏటా కనిపిస్తూనే ఉంటారు. ఆ షిఫ్టులో పరీక్ష రాసిన ప్రతి వందమందిలో సుమారు 92 మందికి ఈ విద్యార్థితో సమానంగానో, అంతకంటే తక్కువగానో మార్కులు వచ్చాయని దాని అర్థం. ఒక్కో షిఫ్టుకు ఒక్కో ప్రశ్నపత్రం ఉంటుంది గనుక, 300కు వచ్చిన మార్కులను నేరుగా పోల్చకుండా, పరీక్షను నిర్వహించే ఎన్‌టీఏ ఈ పద్ధతిని పాటిస్తోంది. నా దృష్టిలో ఇది న్యాయమైనదే. సమాన స్కోర్లు తగ్గేందుకు దశాంశ బిందువు తర్వాత ఏడు అంకెలు వేస్తారు.

పది లక్షలకు పైగా విద్యార్థులు రాసే పరీక్షలో ఒక్క పర్సంటైల్ తేడా పదివేల ర్యాంకులను దాటిపోతుంది. అందువల్ల 97, 98 రెండూ దగ్గరే కదా అనుకోకుండా, కౌన్సెలింగ్‌కు ముందే ర్యాంకును చేతిలో పెట్టుకుని, ఎన్‌ఐటీల వంటి సంస్థల్లో సీట్లు కేటాయించే జోసా ప్రకటించిన గత ఏడాది ముగింపు ర్యాంకులతో (చివరి సీటు దక్కిన ర్యాంకులతో), మీ కేటగిరీ ప్రకారం, బ్రాంచి వారీగా సరిచూసుకోండి.