అత్తయ్య షుగర్ పుస్తకం: ఇప్పటిదాకా చేసిన లెక్కలు

మా అత్తయ్యకు షుగర్ వచ్చి చాలా ఏళ్లయింది. పొద్దున, రాత్రి ఇన్సులిన్ వేసుకుంటారు. మీటర్, పెన్ను, పుస్తకం ఎప్పుడూ టేబుల్ మీదే ఉంటాయి. పుస్తకం నిండా అంకెలే, కానీ వాటిని చూసి ఏం చేయాలో ఇంట్లో ఎవరికీ తెలిసేది కాదు. 240 వస్తే ఆ పూటంతా టెన్షన్, 130 వస్తే సంతోషం. అంతవరకే. సంక్రాంతి వెళ్లాక మధ్యాహ్నాల తీరికలో కుట్లు, అల్లికలు పక్కన పెట్టి ఈ పని మొదలుపెట్టాను. అట్టముక్కలు, గ్రాఫ్ పేపర్లు, వంటింటి కాటా, బియ్యం కొలిచే మా ఇంటి పాత గిద్ద ఇందులో నా సామగ్రి.

అత్తయ్య చదివింది ఐదో తరగతి. రైతుబజార్లో అరకేజీ ఇది, పావుకేజీ అది కొని, కాగితం లేకుండా మొత్తం ఎంతో చెప్పేస్తారు. ఆవిడకు లెక్కలు రావని ఎవరన్నా నేను ఒప్పుకోను. అలవాటు లేనివల్లా దశాంశాలు, శాతాలు, సగటు. మన దేశంలో పది కోట్ల మందికి షుగర్ ఉన్నట్టు 2023లో వచ్చిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అధ్యయనం అంచనా వేసింది. మీటర్ అమ్మేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. అందులో వచ్చిన అంకెను ఎలా చదవాలో కూర్చోబెట్టి చెప్పేవాళ్లే దొరకరు.

పుస్తకం గళ్లు

ముందు పుస్తకం గళ్లు మార్చాను. పాత పుస్తకంలో తారీఖు, పరగడుపు, తిన్నాక అని మూడే ఉండేవి. ఇప్పుడు తినే ముందు ఎంత, ఏం తిన్నారు, మొదటి ముద్ద ఎన్నింటికి, రెండు గంటలకు ఎంత, తేడా ఎంత అని గీశాను. ఆ చివరి గడిలోనే విషయమంతా ఉంది. తిన్నాక 190 అంటే తెలిసేది తక్కువ. తినే ముందు 180 ఉండి 190 అయితే ఆ భోజనం బాగా కుదిరినట్టే. 100 నుంచి 190కి ఎక్కితే కంచంలో ఏముందో చూడాలి. రెండు గంటలు చేయి కడిగినప్పటి నుంచి కాకుండా మొదటి ముద్ద నుంచి లెక్కపెట్టాలి.

రక్తపు చుక్క పెట్టి మీటర్‌లో చూసే స్ట్రిప్పులు ఖరీదు కాబట్టి వారానికి ఒక్క ప్రశ్నే పెట్టుకుంటున్నాం. ఈ వారం ఇడ్లీ, వచ్చే వారం రాత్రి భోజనం, అలా. పొడిచే ముందు చేతులు సబ్బుతో కడిగి తుడుచుకోవడం తప్పనిసరి. పండు కోసిన వేలితో పరీక్ష చేస్తే ఆ తీపి కూడా కలిసి అంకె పెరుగుతుంది. స్ట్రిప్ డబ్బా తెరిచిన తారీఖు మూత మీద రాస్తున్నాం.

ఇంకో సంగతి అత్తయ్యకు చాలా ఊరటనిచ్చింది. మీటర్ల ప్రమాణం ప్రకారం 100 పైన అంకె ల్యాబ్ ఫలితానికి 15 శాతం అటూ ఇటూ ఉండొచ్చు. 180కి పదిహేను శాతం 27. అంటే ల్యాబులో 180 వచ్చే రక్తానికి మీటర్ 153 చూపినా, 207 చూపినా ఆ హద్దులోనే ఉన్నట్టు. నిన్న 172, ఇవాళ 180 అని కంగారుపడటం ఇప్పుడు మానేశారు.

గిద్ద

డైట్ చార్టుల్లో అన్నం ‘ఒక కప్పు’ అని ఉంటుంది. మా ఇంట్లో కప్పులు నాలుగు సైజుల్లో ఉన్నాయి. అత్తయ్య చేతికి తెలిసిన కొలత గిద్ద. మా గిద్దకు తలగొట్టి బియ్యం పోసి తూస్తే 50 గ్రాములు వచ్చింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో తెచ్చిన ఆహార పట్టికల్లో 100 గ్రాముల బియ్యంలో పిండిపదార్థం, అంటే తిన్నాక షుగర్‌గా మారేది, సుమారు 78 గ్రాములు. కాబట్టి మా గిద్దెడు బియ్యానికి 39. జొన్నలకు అదే పట్టికలో 68 దాకా, రాగులకు 67 దాకా ఉంది.

ఈ అంకెలు చూసి అత్తయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగారు, “అమ్మాయ్, జొన్నరొట్టెకి షుగర్ రాదన్నారు కదే అందరూ?” వెంటనే పిండి తూశాం. ఆవిడ చేసే రొట్టెకు 40 గ్రాముల పిండి పడుతోంది, అంటే 27 గ్రాముల పిండిపదార్థం. రెండు రొట్టెలకు 54. గిద్దెడు బియ్యం అన్నం కంటే ఎక్కువే! జొన్నలో పీచు ఎక్కువ కాబట్టి దాన్ని వదలక్కర్లేదు. కానీ “జొన్నే కదా” అని మూడో రొట్టె వేసుకోవడం మాత్రం ఆగింది.

మధ్యాహ్నం గిద్దన్నర బియ్యం అన్నం తిన్న రోజు ముందు 128, రెండు గంటలకు 241, తేడా 113. గిద్ద అన్నం, దాని పక్కన రెట్టింపు కూర, పప్పు తిన్న రోజు 131 నుంచి 198, తేడా 67. ఒక్క రోజు ఫలితాన్ని నమ్మకుండా మరికొన్ని మధ్యాహ్నాలు చూశాం, దాదాపు అలాగే వచ్చింది. అయితే ఇన్సులిన్ వేసుకునేవాళ్లు డాక్టరుగారికి చెప్పకుండా అన్నం తగ్గించకూడదు. డోసు అదే ఉండి అన్నం తగ్గితే షుగర్ డౌన్ అయిపోతుంది. మేము ముందే అడిగి, ఆయన డోసు సరిచేశాకే తగ్గించాం.

డౌన్ అయితే చేయాల్సింది ఫ్రిజ్ మీద పెద్ద అక్షరాలతో అంటించాను. 70 కింద ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి, పావుగంట ఆగి మళ్లీ చూడాలి, ఇంకా 70 కిందే ఉంటే మళ్లీ అంతే తాగాలి. కావాల్సింది 15 గ్రాములు. మా స్టీలు చెంచా తలగొట్టి 5 గ్రాములని తూసి, ఆ చెంచానే చక్కెర డబ్బాలో ఉంచేశాం.

అట్ట గీత

నాకు బాగా ఇష్టంగా వచ్చింది ఇది. మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష, అదే హెచ్‌బీఏ1సీ, 8.2 వస్తే అత్తయ్యకు చిన్న అంకెలా కనిపించేది. వందల్లో చూసే అలవాటున్న కంటికి ఎనిమిది ఒక లెక్కా? పొడవాటి అట్ట మీద గీత గీసి పైన 6, 7, 8, 9, 10 రాశాను. కింద సగటు షుగర్ 126, 154, 183, 212, 240. సూత్రం సులువే: పై అంకెను 28.7తో హెచ్చవేసి 46.7 తీసేయాలి. గుర్తుపెట్టుకోవడానికి ఏడుకి 154, ఆపైన ఒక్కో మెట్టుకు 29 చాలు. మధ్యలో గీతలు పెట్టాక 8.2 దగ్గర వేలు పెట్టి “అంటే రోజంతా కలిపి 189 అన్నమాట” అని ఆవిడే చదివారు. మొన్నటి పరీక్షలో 7.5 వచ్చింది. గీత మీద 169 దగ్గర ఎర్ర స్టిక్కరు ఆవిడ చేత్తోనే అంటించారు.

లండన్‌లో ఉన్న మా ఆడపడుచు ఫోన్‌లో “అమ్మా, తిన్నాక నాకు ఏడున్నర” అంటే అత్తయ్య హడలిపోయారు, తనకి వచ్చిన 7.5 లాంటిదే అనుకుని. అక్కడి మీటర్లు వేరే కొలతలో చూపిస్తాయి. 18తో హెచ్చవేస్తే మన లెక్క వస్తుంది, ఏడున్నర అంటే 135. మూడు నెలల పరీక్ష కూడా అక్కడ వేరే కొలతలోనే చెబుతారు, మన ఏడు వాళ్లకు 53. అట్ట వెనకవైపు ఈ రెండూ రాసిపెట్టాను.

ఎర్ర మూత

ఇన్సులిన్ సీసా మీద 40 ఐయూ అని ఉంటే ఒక ఎంఎల్‌లో 40 యూనిట్లు. దానికి ఎర్ర మూత సిరంజే వాడాలి. ఆరెంజ్ మూతది 100 రకం ఇన్సులిన్‌కి. 40 రకం మందును ఆరెంజ్ సిరంజితో 18 గీత దాకా తీస్తే ఒంట్లోకి వెళ్లేది ఏడు యూనిట్లే. 100 రకాన్ని ఎర్ర సిరంజితో అదే గీత దాకా తీస్తే 45 వెళ్తుంది, అది ప్రాణం మీదకి తెస్తుంది. మందుల షాపులో సీసా మీది అంకె, సిరంజి మీది అంకె పక్కపక్కన పెట్టి చూశాకే డబ్బులివ్వమని అత్తయ్యకు నేర్పాను. మా 10 ఎంఎల్ సీసాలో 400 యూనిట్లు. రోజుకు 18, 12 కలిపి 30. పదమూడు రోజులకు సీసా అయిపోతుందని ఆవిడే భాగించి, క్యాలెండర్‌లో పన్నెండో రోజు చుట్టూ సున్నా చుడుతున్నారు.

ఇప్పుడు చేతిలో ఉన్నది

అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం వాళ్లు షుగర్ ఉన్నవాళ్ల లెక్కల సామర్థ్యం చూడటానికి 43 ప్రశ్నల పరీక్ష ఒకటి తయారుచేసి 2008లో ప్రచురించారు. ఆ పద్ధతిలోనే మన తిండికి, మన మందులకు సరిపోయే ప్రశ్నలు చీటీల మీద రాస్తున్నాను. ఒక చీటీ ఇలా ఉంటుంది: “బిస్కెట్ ప్యాకెట్ మీద 100 గ్రాములకు పిండిపదార్థం 70 అని ఉంది. నాలుగు బిస్కెట్లు 30 గ్రాములు తూగాయి. మీరు తిన్నది ఎంత?” జవాబు 21. ముందువైపు ‘షుగర్ ఫ్రీ’ అని ఎంత పెద్దగా ఉన్నా ఆ 21 తగ్గదు. సాయంత్రం అరుగు మీద కూర్చునే ఇద్దరు పిన్నిగార్లు కూడా వాళ్ల పుస్తకాలు తెచ్చి గళ్లు గీయించుకున్నారు. ఒకావిడకు చత్వారం ఎక్కువ, ఆవిడ కోసం గళ్లు వేలెడు వెడల్పున గీశాను.

వచ్చే వారం ప్రశ్న కొర్రన్నం. అదే గిద్ద, అదే కూర, అదే వేళ.