తలుపు తట్టడానికి ఎనిమిది నెలలు

నిద్ర పట్టని రాత్రుల గురించి ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఎనిమిది నెలలు గడిపేశాను. చివరికి ఇంటికి దగ్గర్లోనే ఒక సైకాలజిస్టును వెతుక్కున్నాను.

అప్పటిదాకా సైకాలజిస్టు, సైకియాట్రిస్టు ఒకటే అనుకున్నా. సైకియాట్రిస్టు వైద్యం చదివిన డాక్టరు, మందులు రాస్తారు. సైకాలజిస్టు మనస్తత్వశాస్త్రం చదివినవారు, మాటలతో, పరీక్షలతో, అభ్యాసాలతో పని చేస్తారు, చాలాచోట్ల మందులు రాయరు. కొందరికి ఇద్దరి సాయమూ కావాలి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఫోన్లో ముందుగానే అడిగాను: మీ చదువేమిటి, లైసెన్సు ఉందా, నిద్రలేమితో వచ్చేవాళ్లను చూస్తారా అని. విసుక్కోకుండా చెప్పారు. ఆ ఓపికే నన్ను అక్కడిదాకా నడిపించింది.

మొదటిరోజు సలహాలు గుప్పిస్తారనుకుంటే, ఆవిడ ఎక్కువసేపు విన్నారు. నేను చెప్పింది బయటికి పోదని, ప్రాణాపాయం లాంటి పరిస్థితుల్లో మాత్రం మినహాయింపు ఉంటుందని ముందే వివరించారు. తర్వాత నిద్ర డైరీ రాయమన్నారు. ఎప్పుడు పడుకున్నాను, ఎన్నిసార్లు లేచాను, లేచినప్పుడు మనసులో ఏముంది, అన్నీ. 1960లలో అమెరికన్ సైకియాట్రిస్టు ఆరన్ బెక్ రూపొందించిన కాగ్నిటివ్ థెరపీలో, అంటే ఆలోచనల మీద పనిచేసే చికిత్సలో, ముఖ్యమైన పని అదే: ఆలోచనను పట్టుకుని, అది ఎంతవరకు నిజమో పరీక్షించడం. "రేపు అంతా పాడైపోతుంది" అన్న వాక్యం ఒక్క వారంలో ఐదుసార్లు రాశాను. కాగితం మీద వరసగా చూసేసరికి ఏడుపొచ్చింది. ఆవిడ తొందరపెట్టలేదు.

ఇప్పటికి ఆరు సెషన్లు అయ్యాయి. నిన్న రాత్రి రెండుసార్లే లేచాను.