ఉండీ లేని కరెంటు

ఈ రోజు కొల్లాపూర్‌లో దుకాణం తమ్ముడికి అప్పజెప్పి కృష్ణ ఒడ్డున ఉన్న సోమశిల వెళ్లాను. అక్కడ తెలిసిన అన్నకు ఒక చిన్న ఫైబర్ బోటు ఉంది, వెనకాల బిగించే పెట్రోలు మోటారుతో నడిచేది. పొద్దున ఒడ్డు దగ్గర సెల్ఫ్ ఠక్కున అందుకుంటుంది. నది మధ్యలో ఆపి మళ్లీ తిప్పితే ‘టక్’ మని ఒక్క చప్పుడు, అంతే. కాసేపాగితే మళ్లీ మామూలే. సర్చ్ లైటు కూడా ఒకసారి వెలుగుతుంది, ఒకసారి వెలగదు. ఇంతకుముందు చూసినాయన బ్యాటరీ మార్పించాడట. కొత్త బ్యాటరీతోనూ అదే వరస.

“ఏమైతుందో సమజైతలేదు తమ్మీ. ఒడ్డున ఉన్నంతసేపు మంచిగనే ఉంటది, నీళ్లల్లకు పోతేనే సతాయిస్తది” అన్నాడు అన్న.

నాకు ఆ మాటే పట్టుకోదగ్గదిగా అనిపించింది. ఒడ్డున లేనిది, నడిచేటప్పుడు ఉండేది ఇంజను అదురు. అదురుకు కదిలేది బ్యాటరీ లోపల ఉండదు, ఎక్కడో అతుకు దగ్గర ఉంటుంది. కొత్త బ్యాటరీకి పోసిన డబ్బు గుర్తొస్తే బాధేసింది.

మీటరు పెట్టి చూస్తే బ్యాటరీ 12.6 వోల్టులు. నిండుగా ఉంది. కీ దగ్గర, సెల్ఫ్ మోటారు దగ్గర కూడా దాదాపు అంతే. చాలామంది ఇక్కడే ఆగిపోయి ‘వైరింగ్ ఓకే’ అంటారు. లోడు లేనప్పుడు, అంటే ఏదీ కరెంటు లాగనప్పుడు, వైరులో ఒక్క పోగు మిగిలి ఉన్నా మీటరు 12 వోల్టులే చూపిస్తుంది. వైరు తెగిందో లేదో చెప్పే మీటరు బీప్ పెట్టి చూసినా లాభం లేదు. సెల్ఫ్ సుమారు 100 ఆంపియర్లు లాగే చోట 0.03 ఓమ్ అడ్డుపడితే చాలు, 3 వోల్టులు అక్కడే పోతాయి. అంత చిన్న అడ్డును మన చేతి మీటరు పట్టుకోలేదు, అది హాయిగా బీప్ అంటుంది.

అందుకే మీటరు ఒక కొసను బ్యాటరీ మైనస్ పోస్టు మీద, రెండో కొసను ఇంజను ఇనుము మీద పెట్టి, అన్నను సెల్ఫ్ కొట్టమన్నాను. ఆ దారి శుభ్రంగా ఉంటే దాదాపు సున్నా రావాలి, అర వోల్టు దాటకూడదు. మొదట తక్కువే వచ్చింది. కేబులు కొసను కొంచెం వంచి పట్టుకుని మళ్లీ కొట్టమంటే రెండు వోల్టులు దాటింది, సెల్ఫ్ ‘టక్’ మని ఆగిపోయింది. నది మధ్యలో వచ్చే చప్పుడు అదే! అన్న ముఖం చూడాలి, ఎన్నాళ్లుగానో తప్పించుకు తిరిగిన దొంగ దొరికినట్టే ఉంది.

కేబులు కొసకు బిగించే లోహపు లగ్గు పైకి తళతళలాడుతోంది. దాని మెడ దగ్గర రబ్బరు కోసి చూస్తే లోపల రాగి అంతా పచ్చ చిలుం, సగం పోగులు తెగి ఉన్నాయి. కృష్ణ నీళ్లు ఉప్పు నీళ్లు కావు కాబట్టి సముద్రం బోట్లంత తొందరగా తినదు. కానీ పలకల కింద తేమ ఎప్పుడూ ఉంటుంది, బ్యాటరీ ఆవిరి తోడవుతుంది. చెడిన చోటు దాటి, రాగి ఎర్రగా కనిపించే వరకు కోసి కొత్త లగ్గు వేశాను. సోల్డరు వద్దన్నాను. సోల్డరు పాకిన వైరు బిరుసెక్కి, అది ఆగిన చోట అదురుకు విరుగుతుంది. క్రింపింగ్ ప్లయర్‌తో గట్టిగా నొక్కి, పైన వేడికి ముడుచుకునే గొట్టం తొడిగాను.

సర్చ్ లైటు సంగతి వేరు. జీపులో అయితే బాడీయే ఎర్త్, ఒక్క వైరుతో పనైపోతుంది. ఫైబర్‌లో కరెంటు పారదు. ప్రతి లైటుకూ తిరుగు వైరు విడిగా బ్యాటరీ దాకా రావాల్సిందే. దీనికి ఆ తిరుగు వైరు ఇంటి వైరింగ్ తీగ, మెలితిప్పి టేపు చుట్టి అతికారు. లైటు వేసి ఉంచి, వైరును జానెడు జానెడుగా మెల్లగా కదుపుతూ పోతే సరిగ్గా ఆ టేపు దగ్గరే కన్నుకొట్టింది. ఆ తీగ మొత్తం పీకేసి సన్నపోగుల వైరు లాగాను.

తీరా సర్దేటప్పుడు నా కన్ను నీళ్లు తోడే పంపు మీద పడింది. దాన్ని కీ తర్వాత కలిపారు. అంటే కీ తీసేసి ఇంటికి పోతే రాత్రి వానకు బోటు నిండినా పంపు తిరగదు. పక్కనే ఫ్లోట్ స్విచ్, అంటే నీరు పెరిగితే తేలి పంపును ఆన్ చేసేది, పెట్టి ఉంది, దానికి కరెంటే లేదు. సెల్ఫ్ మొరాయిస్తే తాడు లాగి స్టార్ట్ చేయొచ్చు. మోటారు తిరుగుతుంటే ప్లగ్గుకు కావాల్సిన నిప్పురవ్వ అదే పుట్టించుకుంటుంది, బ్యాటరీతో పని లేదు. పంపు తిరగకపోతే మాత్రం ఎవరికీ తెలియదు, పలకల కింద నీరు పెరుగుతూనే ఉంటుంది. ఈ బోటులో ఆడవాళ్లు, పిల్లలు అటు నంద్యాల జిల్లా ఒడ్డుకు పోతారు. శ్రీశైలం డ్యాం 885 అడుగులకు నిండిన రోజుల్లో అక్కడ నది ఎంత వెడల్పో చూసినవాళ్లకు తెలుసు, సంగమేశ్వరం గుడి కూడా నీళ్ల కిందే ఉంటుంది. సెల్ఫ్ కన్నా పంపే ముఖ్యమని అన్నకు గట్టిగానే చెప్పాను. “గది నాకు ఎవ్వలూ చెప్పలే” అన్నాడు. పంపును నేరుగా బ్యాటరీ నుంచి, తన సొంత ఫ్యూజుతో కలిపాను. బకెట్ నీళ్లు పోసి ఫ్లోట్ లేచేదాకా చూశాం. కీ అన్న జేబులో ఉండగానే పంపు తిరిగింది.

తర్వాత నది మధ్య దాకా పోయి ఇంజను ఆపి, మళ్లీ కొట్టి, మళ్లీ ఆపి చూశాం. ఎక్కడా ఆగలేదు. కూలి విషయంలో అన్న ఎక్కువ ఇవ్వబోయాడు, అడిగినంతే తీసుకున్నాను. చేపలు మాత్రం వద్దనలేకపోయాను.

ఇంకా పని మిగిలింది. లైట్లకు పోయే మెయిన్ వైరు ఫ్యూజు లేకుండా బోటు ముందు దాకా వెళ్తోంది. బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి, లేకపోతే మధ్యలో వైరు ఒరుసుకుని షార్ట్ అయితే పెట్రోలు ట్యాంకు పక్కనే నిప్పు పుడుతుంది. మూత ఉన్న హోల్డరు నా దగ్గర లేదు. రేపు తెప్పించి, వచ్చే ఆదివారం జాతర గిరాకీ మొదలయ్యేలోపే బిగించి రావాలి. హారన్ స్విచ్ కూడా అప్పుడే చూస్తాను.